రాష్ట్రాల వార్షికోత్సవ రివాల్వర్లు: కాన్సస్ కోల్ట్‌తో మొదలుపెట్టవచ్చా?

గోధుమనేల:
అందరికీ నమస్కారం. నాకు గ్రీన్‌కార్డు ఉంది, ఉండేది కాన్సస్‌లో. ఈ రాష్ట్రం ఏర్పడి 100 ఏళ్లయిన సందర్భంగా 1961లో కోల్ట్ అనే తుపాకుల కంపెనీ తెచ్చిన ఫ్రాంటియర్ స్కౌట్ .22 రివాల్వర్ ఒకటి గన్ షోలో అమ్మకానికి ఉంది. చెక్క పెట్టె ఉంది కానీ బయటి అట్టపెట్టె లేదు. "అసలు కాల్చనే లేదు" అంటున్నారు. అయినా సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) చుట్టూ సన్నటి గీత కనిపిస్తోంది. ధరల పుస్తకంలో ఉన్న రేటే అడుగుతున్నారు. నా సందేహాలు ఇవి. ఆ గీత ఉంటే కాల్చినట్టేనా? అట్టపెట్టె లేకపోతే విలువ ఎంతవరకు పడిపోతుంది? దీంతో మొదలుపెట్టి ఒక్కో రాష్ట్రానిది ఒక్కోటి సేకరించడం అర్థమున్న పనేనా? కొన్నాక ఎలా దాచాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పాతకోల్ట్:
గోధుమనేల గారూ, ముందు సేకరణ సంగతి, తర్వాత మీ తుపాకీ సంగతి.

కోల్ట్ ఈ వరుస మొదలుపెట్టింది 1961లోనే. మొదటగా ఇల్లినాయ్‌లోని జెనిసియో ఊరికి 125 ఏళ్లు నిండిన సందర్భంగా 104 డెరింజర్లు (అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోళ్లు) వచ్చాయి. ఆ ఏడాదే మీ కాన్సస్ స్కౌట్ వచ్చింది, దాన్ని 6,201 తయారు చేశారు. మీ బేరమంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. 104 ఉన్న వస్తువు కోసం జనం వెతుకుతారు. 6,201 ఉన్న వస్తువు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట అమ్మకానికి ఉంటుంది. పైగా కొన్నవాళ్లలో ఎక్కువమంది వాటిని వాడకుండా పెట్టెలోనే దాచారు. మామూలు తుపాకులు వాడకంలో అరిగి, విరిగి, పోయి తగ్గుతాయి, అందుకే మిగిలినవాటికి విలువ పెరుగుతుంది. ఇవి తగ్గలేదు. అరవై ఏళ్ల తర్వాత కూడా కొత్తవిలాగే బయటికి వస్తున్నాయి. అందుకే ధరల పుస్తకంలో ఉన్న రేటుకి, నిజంగా చేతులు మారే రేటుకి పొంతన ఉండదు. వేలం సైట్లలో "అడుగుతున్న ధర" పక్కనపెట్టి, అమ్ముడైపోయిన వాటి ధరలు మాత్రమే చూడండి. ఒకే మోడల్‌వి కనీసం ఐదారు అమ్మకాలు పోల్చాక బేరానికి దిగండి.

తక్కువ తయారైనవి ఏవంటారా? 1963 ఐడహో స్కౌట్ 902 మాత్రమే. 1962 న్యూమెక్సికో స్వర్ణోత్సవానిది 1,000. 1966 ఇండియానా 150 ఏళ్లది 1,500. నెబ్రాస్కా శతవార్షికోత్సవానిది మాత్రం 7,001, కాన్సస్ కంటే ఎక్కువ. కాబట్టి "పాతది కాబట్టి అరుదు" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇంకొకటి. అమ్మేవాళ్లు చాలామంది అన్నిటికీ "స్టేట్ సెంటెనియల్" (రాష్ట్ర శతవార్షికోత్సవానిది) అని ఒకే పేరు రాసేస్తారు. వాటిలో కొన్ని రాష్ట్రావతరణకి చెందినవి కావు, టెరిటరీ (రాష్ట్ర హోదా రాకముందు సమాఖ్య పాలనలో ఉన్న ప్రాంతం) ఏర్పడిన ఏడాదికి చెందినవి. అరిజోనా 1963లో జరుపుకున్నది టెరిటరీ శతవార్షికోత్సవం, రాష్ట్రమైంది 1912లో. ఐడహో టెరిటరీ 1863, రాష్ట్రం 1890. మోంటానా టెరిటరీ 1864, రాష్ట్రం 1889. ఓక్లహోమా 1965 వజ్రోత్సవం కూడా 1890 నాటి టెరిటరీదే, రాష్ట్రం 1907లో వచ్చింది. కాన్సస్, వెస్ట్ వర్జీనియా, నెవాడా మాత్రం నేరుగా రాష్ట్రావతరణవి. అన్ని రాష్ట్రాలవీ పోగుచేయాలనుకుంటే డబ్బు చెదిరిపోతుంది, గోడ నిండుతుంది, కానీ ఆ సేకరణకి ఒక రూపం రాదు. నన్నడిగితే రాష్ట్రావతరణవి ఒక్కటే పెట్టుకోండి, లేదా 1861 నుంచి 1864 మధ్య అంతర్యుద్ధ కాలంలో పుట్టిన రాష్ట్రాలూ టెరిటరీలూ పెట్టుకోండి. వర్జీనియా నుంచి విడిపోయి 1863 జూన్ 20న వెస్ట్ వర్జీనియా ఎలా ఏర్పడిందో చదివితే, రాష్ట్ర విభజన చూసిన మన తెలుగువాళ్లకి ఆ తుపాకీ మీది తేదీ ఊరికే అంకెలా కనిపించదు.

బోల్ట్‌నాచ్:
పాతకోల్ట్ గారు చెప్పినదానికి తిరుగులేదు. నేను గీత సంగతి చెప్తాను.

సిలిండర్ చుట్టూ గీత ఉంటే కాల్చినట్టు కాదండీ. తిప్పినట్టు. ఫ్రేమ్ (బ్యారెల్, సిలిండర్ అమరే తుపాకీ చట్రం) అడుగున ఉండే బోల్ట్ అనే చిన్న ముక్క సిలిండర్ మీది గుంతల్లో కూర్చుని దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. హ్యామర్‌ని (వెనక ఉండే సుత్తిలాంటి మీట) హాఫ్‌కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి పెట్టినప్పుడు ఆ బోల్ట్ కిందికి దిగి ఉంటుంది, సిలిండర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆ స్థితి నుంచి నేరుగా హ్యామర్‌ని కిందికి దించేస్తే, బోల్ట్ గుంత దగ్గర కాకుండా సిలిండర్ ఒంటి మీద పైకి లేస్తుంది. తర్వాత సిలిండర్ కదిలినప్పుడల్లా పూతని గీస్తుంది. గన్ షోలో పదిమంది చేతులు మారితే గీత పడటం ఖాయం. సరైన పద్ధతి ఒక్కటే. హాఫ్‌కాక్ నుంచి ముందు ఫుల్‌కాక్‌కి, అంటే పూర్తిగా వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండర్ సరైన చోటికి తిరిగి, బోల్ట్ గుంత ముందున్న చిన్న వాలులోకి దిగి, అక్కడి నుంచి గుంతలో కూర్చుంటుంది. ఆ తర్వాత హ్యామర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా దించాలి. చేతిలో వస్తువు ఎవరిదైనా, ఖాళీ అని చూసుకున్నాకే ఇది చేయాలి.

ఖాళీయో కాదో చూడటానికి సిలిండర్ తిప్పక తప్పదు కదా అంటారేమో. హాఫ్‌కాక్‌లో పెట్టి, కుడివైపు గేట్ (తూటాలు పెట్టే చిన్న తలుపు) తెరిచి, బేస్‌పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) గొళ్లెం నొక్కి పిన్ ముందుకి లాగితే సిలిండర్ కుడివైపుకి బయటికి వస్తుంది. ఆరు గదులూ ఒకేసారి కనిపిస్తాయి, గీత పడే అవకాశం లేదు. ఈ పని అమ్మేవారినే చేయమనండి, మీరు చేయవద్దు. ఒప్పుకోకపోతే ఆ బల్ల దగ్గర్నుంచి కదిలిపోండి.

సిలిండర్ బయటికి వచ్చాక "కాల్చనిది" అనే మాట నిజమో కాదో మూడు చోట్ల తేలిపోతుంది. సిలిండర్ ముందు ముఖం మీద గదుల చుట్టూ బూడిదరంగు వలయాలు ఉన్నాయా? ఫ్యాక్టరీలో పరీక్షకి కాల్చేవాళ్లు కాబట్టి ఒకటి రెండు గదుల చుట్టూ లేత మరక ఉంటే తప్పు పట్టకూడదు. ఆరింటి చుట్టూ సమానంగా మరక ఉంటే వాడినట్టే. రెండోది, గదుల వెనక అంచులు. ఇది రిమ్‌ఫైర్ తుపాకీ, అంటే తూటా అంచుని కొట్టి పేల్చేది. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ నేరుగా గది అంచుని కొడుతుంది. అక్కడ చిన్న నొక్కులు కనిపిస్తే ఎవరో ఖాళీగా ఆడుకున్నారన్నమాట. ఆ నొక్కులు ఎక్కువైతే తూటా సరిగా దిగదు కూడా. ఇది గీత కంటే పెద్ద లోపం. మూడోది, ఫ్రేమ్ లోపల బ్యారెల్ వెనక భాగం దగ్గర మసి.

తర్వాత స్క్రూలు చూడండి. తలల గాట్ల అంచులు చెదిరి ఉంటే ఎవరో మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పారు. పిడి పలకల లోపల ఏముందో చూద్దామని విప్పేవాళ్ల వల్లే ఇవి ఎక్కువగా పాడవుతాయి. మీరు కొన్నాక కూడా విప్పవద్దు.

అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. స్కౌట్ ఫ్రేమ్ ఉక్కు కాదు. మొదట్లో అల్యూమినియం మిశ్రమం, 1960 తర్వాత చాలావాటికి జామక్ అనే జింకు మిశ్రమం. అయస్కాంతం బ్యారెల్‌కీ సిలిండర్‌కీ అంటుకోవాలి, ఫ్రేమ్‌కి అంటుకోకూడదు. అల్యూమినియంది సుమారు 24 ఔన్సులు, జామక్‌ది సుమారు 30 ఔన్సులు తూగుతుంది. .45 సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే కోల్ట్ పెద్ద రివాల్వర్ కమెమొరేటివ్ (స్మారక తుపాకీ) అయితే పూర్తి ఉక్కు, దాని లెక్క వేరు.

గోధుమనేల:
చాలా కృతజ్ఞతలు. ఫ్రేమ్ మీద, ట్రిగ్గర్ గార్డ్ దగ్గర, పూత కింద రెండు మూడు చిన్న బుడిపెల్లాంటివి ఉన్నాయి. పాలిష్ చేయిస్తే పోతాయా? పెట్టె లోపలి గుడ్డ బాగానే ఉంది.

నికెల్‌పూత:
అయ్యో, ఆ బుడిపెలు ఉంటే ఆ తుపాకీ వదిలేయండి. నిజంగా చెప్తున్నా.

జింకు మిశ్రమం మీద పూత వేసినప్పుడు ఎక్కడో సూదిమొనంత రంధ్రం ఉంటే తేమ అందులోంచి లోపలికి దిగుతుంది. లోపల జింకు తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, పైన పూత బుడిపెలా లేస్తుంది. పాలిష్ చేస్తే ఆ పూత ఊడి కింద గుంత బయటపడుతుంది. కొత్తగా పూత వేయిస్తే అది కమెమొరేటివ్‌గా విలువ కోల్పోతుంది, తుపాకీ మీది అక్షరాల అంచులు కూడా మొద్దుబారతాయి. దీనికి మందు లేదు. గీత ఉన్నది తక్కువ ధరకి వస్తే కొనవచ్చు. బుడిపెలున్నది ఏ ధరకీ వద్దు. 6,201 లో ఇంకొకటి దొరుకుతుంది.

కొన్నాక దాచడం గురించి. అందరూ చేసే పొరపాటు తుపాకీని దాని అందమైన పెట్టెలోనే ఏళ్ల తరబడి మూసి ఉంచడం. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ నుంచి, ఎసిటిక్ ఆమ్లం ఆవిరిగా వస్తూనే ఉంటుంది. లోపలి గుడ్డ వెనక జిగురు, స్పాంజి కూడా కాలం గడిచేకొద్దీ విడిపోయి లోహాన్ని అంటుకుంటాయి. పెట్టె మూసి ఉంటే ఆవిరి బయటికి పోదు. పెట్టెని విడిగా ఉంచండి. చూపించేటప్పుడు మాత్రం అందులో పెట్టండి. తోలు ఒరలో అసలు పెట్టవద్దు, తోలులోని ఆమ్లాలూ తేమా బ్లూయింగ్‌ని (ఉక్కు మీది నీలినలుపు పొర) తినేస్తాయి.

తుపాకీకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, మెత్తటి బట్టతో వేలిముద్రలు తుడిచి, మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా ఒక పూత వేయండి. బఠాణీ గింజంత మైనం మొత్తం తుపాకీకి సరిపోతుంది. ఎక్కువ వేస్తే అక్షరాల గాట్లలో తెల్లగా మిగిలిపోతుంది, తర్వాత తీయడం కష్టం. తరవాత సిలికోన్ పట్టించిన గుడ్డ సంచిలో పెట్టి సేఫ్‌లో ఉంచండి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెడితే తెలిసిపోతుంది. కాన్సస్ బేస్‌మెంట్లలో వేసవిలో ఇది సులభంగా దాటిపోతుంది, కాబట్టి సేఫ్‌లో డీహ్యూమిడిఫయర్ రాడ్ గానీ సిలికా జెల్ గానీ తప్పనిసరి. రంగు మారే సిలికా జెల్ అయితే రంగు మారగానే 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో రెండు మూడు గంటలు పెడితే మళ్లీ పనికొస్తుంది.

నికెల్ మీద అమోనియా ఉన్న సాల్వెంట్ వాడవద్దు. నికెల్ కింద చాలాసార్లు రాగి పొర ఉంటుంది. ఎక్కడ చిన్న పగులున్నా అమోనియా ఆ రాగిని కరిగిస్తుంది, నికెల్ పొరలుగా లేచిపోతుంది. బంగారు పూత ఇంకా సున్నితం, అది అతి పలచన. ఇత్తడి సామాన్లకి వాడే పాలిష్ ఒక్కసారి రుద్దినా కింద లోహం కనిపిస్తుంది. మెరుపు తగ్గితే తగ్గనివ్వండి.

కేబుల్ లాక్‌ని ఫ్రేమ్‌లోంచి తొడిగితే బంగారం మీద గీతలు పడతాయి. తాళం సేఫ్‌కి ఉండాలి, తుపాకీకి కాదు.

జీరోత్రీ:
చట్టం సంగతి ఎవరూ రాయలేదు, అదే ముఖ్యం.

గోధుమనేల గారికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి, ఇతర అనర్హతలు లేకపోతే కొనవచ్చు. డీలర్ దగ్గర ఫారం 4473 నింపి, నేపథ్య తనిఖీ అయ్యాక ఇస్తారు. కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసా, ఇవన్నీ నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాలు. ఈ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీని గానీ తూటాని గానీ దగ్గర పెట్టుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. "ఇది అలంకరణ కోసమే, ఎప్పుడూ కాల్చలేదు" అనే వాదన చెల్లదు. ఇంట్లో ఒకరికి గ్రీన్‌కార్డు, ఇంకొకరికి వీసా ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. అలాంటప్పుడు సేఫ్ తాళంచెవి, కాంబినేషన్ నంబరు వీసా మీద ఉన్నవాళ్లకి, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా తెలియకూడదు. తాళం చేతిలో ఉండటం కూడా "దగ్గర పెట్టుకోవడం" కిందికి రావచ్చు.

ఇక సేకరించేవాళ్లకి అనుకూలమైన దారి ఒకటుంది. తయారై 50 ఏళ్లు నిండి, అసలు రూపంలోనే ఉన్న తుపాకులని క్యూరియో అండ్ రెలిక్‌గా (సేకరణకి తగిన పాత తుపాకులుగా) లెక్కిస్తారు. 1960ల కోల్ట్ కమెమొరేటివ్‌లన్నీ ఆ వయసు దాటాయి. టైప్ 03 కలెక్టర్ లైసెన్స్ తీసుకుంటే ఇలాంటివి వేరే రాష్ట్రం నుంచి నేరుగా మీ ఇంటికి తెప్పించుకోవచ్చు, ప్రతిసారీ డీలర్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టక్కర్లేదు. 21 ఏళ్లు నిండాలి. ఫీజు మూడేళ్లకి 30 డాలర్లు. ఫారం 7/7సీఆర్ నింపి ఏటీఎఫ్‌కి (తుపాకుల లైసెన్సులు చూసే సమాఖ్య సంస్థ) పంపాలి, ఒక ప్రతి మీ ఊరి పోలీసు అధిపతికి పంపాలి. లైసెన్స్ వచ్చాక బౌండ్ బుక్ (తుపాకుల రాకపోకల రిజిస్టరు) రాయడం తప్పనిసరి. కొన్నది మర్నాటి పనిదినం ముగిసేలోగా, ఇచ్చింది ఏడు రోజుల్లోగా ఎక్కించాలి. తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, రకం, క్యాలిబర్, తేదీ, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎవరికి పోయింది, అన్నీ ఉండాలి. కమెమొరేటివ్‌ల సీరియల్ నంబర్లలో ఆ విడుదలకి ప్రత్యేకమైన అక్షరాలు ఉంటాయి. చాలామంది అంకెలు మాత్రమే రాసి అక్షరాలు వదిలేస్తారు, తనిఖీలో తప్పు అదే బయటపడుతుంది. ఇంకో మాట, ఈ లైసెన్స్ సేకరణకే. లాభానికి కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపారం, దానికి లైసెన్స్ వేరు. పైగా ఇది రాష్ట్ర చట్టాన్ని దాటదు. న్యూయార్క్‌లో దీనితోపాటు పిస్టల్ లైసెన్స్ కూడా కావాలి.

పిడి పలకలు నిజమైన ఏనుగు దంతంవి అని ఎవరైనా చెబితే జాగ్రత్త. 2016 నుంచి ఆఫ్రికా ఏనుగు దంతాన్ని రాష్ట్రాల మధ్య అమ్మడం దాదాపు పూర్తిగా నిషేధం. చాలా కమెమొరేటివ్‌లకి ఉన్నది వాల్‌నట్ గానీ ప్లాస్టిక్ గానీ.

తిరిగి వెళ్లేటప్పుడు ఇండియాకి తీసుకెళ్దాం అనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి. ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఏదీ రాదు. 2019 సవరణ తర్వాత ఒక లైసెన్స్‌దారుకి రెండు తుపాకులే పరిమితి, అంటే సేకరణ అనే మాటే ఉండదు. సామాన్లలో ఒక్క తూటా మిగిలినా శంషాబాద్‌లో కేసు అవుతుంది.

బోల్ట్‌నాచ్:
జీరోత్రీ గారు చెప్పిన 50 ఏళ్ల లెక్కకి ఒక అనుబంధం. స్టర్మ్ రూగర్ అనే ఇంకో కంపెనీ 1976 నాటి కొలరాడో శతవార్షికోత్సవానికి సింగిల్‌సిక్స్ .22 రివాల్వర్లు చేసింది. వాటికి 50 ఏళ్లు నిండేది ఒక్కో తుపాకీ తయారైన తేదీని బట్టి. ఇక్కడ అమ్మేవాళ్లు చేసే తికమక ఒకటుంది. 1976లో చేసిన రూగర్‌లన్నిటి మీదా "అమెరికా స్వేచ్ఛకి 200వ ఏట తయారైనది" అని ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూపించి మామూలు తుపాకీని కమెమొరేటివ్ ధరకి అమ్ముతారు. కొలరాడో పేరు లేకపోతే అది కొలరాడోది కాదు.

రూగర్ న్యూ మోడల్‌కి (సింగిల్‌సిక్స్ కొత్త రకం) హాఫ్‌కాక్ లేదు. గేట్ తెరిస్తే చాలు, సిలిండర్ తిరుగుతుంది. మూసేముందు బోల్ట్‌కి ఎదురుగా గుంత వచ్చేలా తిప్పి మూయండి, లేకపోతే మొదటి రోజే గీత పడుతుంది.

పాతకోల్ట్:
చివరగా రెండు మాటలు చేర్చాలి.

ఒకటి, ఫ్యాక్టరీ కమెమొరేటివ్‌కీ బయటి సంస్థలు చేసినవాటికీ తేడా. కొన్ని సంస్థలు మామూలు తుపాకులని కొని, వాటి మీద బంగారు పూతా చిత్రాలూ వేయించి, సర్టిఫికెట్‌తో అమ్మాయి. చూడటానికి ఇవే ఎక్కువ ఆర్భాటంగా ఉంటాయి. కానీ కోల్ట్ ఆర్కైవ్ నుంచి లెటర్ తెప్పిస్తే అందులో "మామూలు మోడల్, ఫలానా రోజు ఫలానా డీలర్‌కి పంపాం" అని మాత్రమే వస్తుంది. ఖరీదైనది కొనేముందు సీరియల్ నంబరుతో ఆ లెటర్ తెప్పించుకోండి. కాన్సస్ స్కౌట్ లాంటి మామూలు ధరదానికి ఆ ఖర్చు దండగ, ఐడహోకి మాత్రం తప్పకుండా పెట్టండి.

రెండు, అట్టపెట్టె. మీరు అడిగిన ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబు ఇవ్వలేదు. 6,000 పైన తయారైన మోడల్‌కి కొనేవాళ్లు చెక్క పెట్టె, అట్టపెట్టె, కాగితాలు అన్నీ ఉన్నదాన్నే ఎంచుకుంటారు. అవి లేనిది తర్వాత అమ్మాలంటే చాలాకాలం ఆగాలి. అట్టపెట్టె అంచున ఉన్న నంబరు తుపాకీ నంబరుతో సరిపోవాలి, లేకపోతే ఎక్కడిదో తెచ్చి జతచేసిందే. తక్కువ తయారైనవాటి విషయంలో ఇంత పట్టింపు ఉండదు, తుపాకీ బాగుంటే చాలు.

ఇంటి బీమాలో తుపాకుల దొంగతనానికి పరిమితి సాధారణంగా 2,500 డాలర్ల దగ్గర ఉంటుంది. మూడు నాలుగు కొన్నాక విడిగా జాబితా ఇచ్చి రైడర్ (అదనపు బీమా) తీసుకోండి. ఒక్కోదానికి రెండు పక్కలా, సీరియల్ నంబరు, సిలిండర్ ముందు ముఖం, పెట్టె లోపల, అట్టపెట్టె చీటీ ఫోటోలు తీసి ఇంట్లో కాకుండా వేరే చోట ఉంచండి.

గోధుమనేల:
అందరికీ ధన్యవాదాలండీ. బుడిపెలున్న ఆ కాన్సస్ వదిలేస్తున్నాను. ముందు 03 లైసెన్స్‌కి దరఖాస్తు పెడతాను. రాష్ట్రావతరణవి మాత్రమే పెట్టుకుంటాను. వెస్ట్ వర్జీనియా స్కౌట్ అట్టపెట్టెతో సహా ఎవరి కంటైనా పడితే ఇక్కడ చెప్పండి, పైన చెప్పిన ఫోటోలన్నీ అడిగాకే మాట్లాడతాను.